రన్‌వే కింద ఎవరి పొలం?

తాడేపల్లిగూడెం అనగానే మన మిత్రుల్లో చాలామందికి ఉల్లిపాయల మార్కెట్టు జ్ఞాపకం వస్తుంది. ఇంజనీరింగు మోజున్న వాళ్ళకైతే నిట్ జ్ఞాపకం వస్తుంది. ఆ రెండూ కాక మూడోది ఒకటి ఆ వూళ్ళో వుంది. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. అదే ఏరోడ్రోం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిలటరీ విమానాల కోసం వేసిన రన్‌వే. ఎనభై ఏళ్ళ పైబడి ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ, పొద్దున్నే షుగరు వ్యాధి పెద్దమనుషులు నడవడానికీ, కుర్రకారు క్రికెట్టు ఆడడానికీ, కొత్తగా కారు కొన్నవాళ్ళు స్టీరింగు తిప్పడం నేర్చుకోవడానికీ పనికొస్తూ పడివుంది. పనికిరానిదని పేరు పడ్డ వస్తువు ఇంతమందికి పనికి రావడం విశేషమే మరి!

ఇప్పుడు దానికి మళ్ళీ శుక్రదశ పట్టిందంటున్నారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం పరిశీలించదలచిన చోట్ల జాబితాలో కుప్పం, దగదర్తి, ఒంగోలు వగైరాలతో పాటు తాడేపల్లిగూడెం పేరు కూడా వచ్చింది. వచ్చీ రాగానే చుట్టుపక్కల పల్లెల్లో సెంటు ధరల మాటలు మొదలయ్యాయి. కొందరికి ఆశ, కొందరికి గుబులు. నేను ఆ చుట్టుపక్కల పల్లెవాణ్ణే. మాది వ్యవసాయ కుటుంబం. నేను బి.ఎస్సీ. చదువుతున్నానే గాని, ఇంట్లో వినబడే మాటలన్నీ ఇప్పటికీ దుక్కి, నారు, తేమ శాతం, కౌలు – ఇవే. అంచేత ఈ ఏరోడ్రోం గురించి పేపర్లలో రాసే పద్ధతిలో గాక, పొలం గట్టు మీద నిలబడి చూసే పద్ధతిలో నాలుగు మాటలు రాయాలనిపించింది.

చరిత్ర కొంచెం చెప్పుకోక తప్పదు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పోయింది. మార్చిలో రంగూను పోయింది, అదే నెలలో అండమాన్లు జపానువాళ్ళ చేతిలో పడ్డాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద, ఆ మర్నాడే మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మద్రాసు నుంచి జనం మూటాముల్లే సర్దుకుని బయల్దేరారు. తూర్పు సముద్ర తీరమంతా ఇహ యుద్ధభూమి అయిపోతుందేమోనన్న భయంతో, దేశం మొత్తం మీద రెండు వందలకు పైగా విమాన క్షేత్రాలు హడావుడిగా కట్టించాలని ఆనాటి దొరతనం వారు సంకల్పించారు. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. రాయి కొట్టినవాళ్ళూ, గంపలతో కంకర మోసినవాళ్ళూ మన కూలీలే. గన్నవరంలో, చోళవరంలో, ఒరిస్సాలో రాస్‌గోవింద్‌పూర్ దగ్గర, ఇలా ఎక్కడెక్కడో లేచిన రన్‌వేల కోవలోదే మా గూడెం రన్‌వే.

ఆ చోటే ఎందుకు అని నాకు చిన్నప్పట్నుంచీ సందేహం. సైన్సు చదివాక కొంత తెలిసింది. గూడెం అటు మెట్టకీ ఇటు డెల్టాకీ సరిహద్దు లాంటి వూరు. డెల్టా నల్లరేగడి వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. అట్లాంటి నేల మీద ఇరవై, ముప్ఫై టన్నుల విమానం దిగితే గచ్చు నిలవదు. మెట్ట ఎర్రనేల అలాక్కాదు. నీరు ఇంకిపోతుంది, రోలరు తొక్కితే గట్టిపడుతుంది. పైగా మద్రాసు - కలకత్తా రైలు మార్గం పక్కనే పోతుంది గనక సిమెంటూ పెట్రోలూ దించుకోవడం సుళువు. కాబట్టి మిలటరీ ఇంజనీరు ఎవరు చూసినా వేలు పెట్టి చూపించదగ్గ నేల అది. వాళ్ళ దృష్టిలో ఖాళీ నేల. మెట్ట భూమిని ఖాళీ అనుకోవడం మాగాణి చూసిన కళ్ళకి ఎప్పుడూ వున్న జబ్బే. ఒక వాన పడితే జొన్న, పెసర, నువ్వు పండేది, లేనినాడు గొడ్లు మేసేది – అది ఖాళీ ఎట్లా అవుతుంది?

మా ముత్తాత గారి మూడెకరాలు అందులో పోయాయని మా ఇంట్లో చెప్పుకుంటారు. పంట కోసుకునే గడువు ఇచ్చారనీ, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారనీ, డబ్బులు ముట్టాయనీ మా తాతయ్య అనేవారు. ఎంత ముట్టిందో ఎవరికీ తెలీదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఆ వేలిముద్ర దేని మీద వేశారన్నది ఎవరికీ తెలీదు.

ఇక్కడ రెండు ఇంగ్లీషు మాటలు వివరించాలి. రిక్విజిషన్ అని ఒకటి, ఎక్విజిషన్ అని ఒకటి. వినడానికి కవలపిల్లల్లా వుంటాయి గాని అర్థంలో భూమికీ ఆకాశానికీ వున్నంత తేడా. రైతు భాషలో చెప్పాలంటే రిక్విజిషన్ బలవంతపు కౌలు, ఎక్విజిషన్ బలవంతపు క్రయం. మొదటిదానిలో భూమి రైతుదే. అవసరం వున్నంతకాలం సర్కారు వాడుకుంటుంది, దానికి ప్రతిఫలం ఇస్తుంది, తీరాక తిరిగి అప్పగిస్తుంది. రెండోదానిలో హక్కే మారిపోతుంది. 1939లో వచ్చిన డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం కింద యుద్ధకాలంలో ఆస్తుల్ని రిక్విజిషన్ చేసుకునే అధికారం వుండేది. 1894 నాటి భూసేకరణ చట్టం ఎటూ వుండనే వుంది. యుద్ధం అయ్యాక 1947లో ఒక చట్టం, 1952లో ఒక చట్టం చేసి రిక్విజిషన్‌లో వున్న ఆస్తుల సంగతి తేల్చుకుంటూ వచ్చారు. ఒక్కో సర్వే నంబరు దీనిలో ఏ దారిన నడిచిందో చెప్పగలిగేది కాగితం ఒక్కటే. ఆ కాగితం కోసం మా తాతయ్య ముసలితనంలో ఒక ఆఫీసు చుట్టూ తిరిగారు. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. "పాత రికార్డు చెదలు పట్టింది, మళ్ళీ రండి" అన్నారట మొదటిసారి. రెండోసారి వెళ్ళేసరికి ఆ గుమాస్తా గారు బదిలీ అయ్యారట. మూడోసారి మా తాతయ్య వెళ్ళలేదు.

ఇటువంటి తగువే ఇంగ్లండులో వస్తే ఏం జరిగిందో మన మిత్రులు వినాలి. డోర్సెట్ జిల్లాలో క్రిచెల్ డౌన్ అని 725 ఎకరాల నేల. 1938లో బాంబులు వేయడం సాధన చేయడానికని వైమానిక శాఖ తీసుకుంది. అవసరం తీరాక ఇలాంటి భూముల్ని యజమానులకు తిరిగి ఇచ్చేస్తామని 1941లో చర్చిలు పార్లమెంటులో మాట ఇచ్చాడు. యుద్ధం ముగిసింది. వైమానిక శాఖకు నేల అక్కర్లేకపోయింది. కాని తిరిగి ఇవ్వలేదు; వ్యవసాయ శాఖకి అప్పగించారు. ఆ శాఖ ధర పెంచి, తనకు నచ్చిన పద్ధతిలో కౌలుకిచ్చుకోబోయింది. పాత యజమానుల కుటుంబం వాళ్ళు పట్టుబట్టారు. విచారణ జరిగింది. అధికారుల వ్యవహారం బయటపడింది. 1954 జూలైలో వ్యవసాయ మంత్రి సర్ థామస్ డగ్‌డేల్ రాజీనామా చేశాడు. ఆనాటి నుంచీ అక్కడ సర్కారుకి అక్కర్లేని సేకరణ భూమిని ముందు పాత యజమానికి చూపించాలన్న నియమం ఏర్పడింది. దానికి నేటికీ క్రిచెల్ డౌన్ నియమాలనే పేరు. ఇదీ మన దేశంలో ఏరోడ్రోములు కట్టించిన దొరల స్వదేశపు సంగతి. ఆ కుటుంబం భాగ్యవంతుల కుటుంబం, మాట చెల్లే కుటుంబం అన్న సంగతి కూడా మరచిపోకూడదు సుమా! వేలిముద్ర వేసిన మెట్ట రైతుకి పార్లమెంటు దాకా దారి తెలియదు.

మన చట్టం ఏం చెబుతుంది? 2013 నాటి కొత్త భూసేకరణ చట్టం 101వ సెక్షనులో, తీసుకున్న భూమిని అయిదేళ్ళు వాడకపోతే అసలు యజమానికి గాని వారసులకు గాని తిరిగి ఇవ్వాలి, లేదా ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకి పోవాలి అని వుంది. ఆ 'లేదా' అన్న చిన్న మాటలో ఎంత భూమి పడుతుందో ఆలోచించండి. పాత చట్టం కింద తీసుకున్నవాటి విషయంలో 1997లో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరే. ఒక ప్రజాప్రయోజనం కోసం తీసుకున్నది మిగిలిపోతే మరో ప్రజాప్రయోజనానికి వాడుకోవచ్చు, లేదంటే బహిరంగ వేలం వేయాలి, అంతేగాని పాత యజమానికి పాత ధరకి తిరిగి ఇచ్చెయ్యడం కుదరదు అని. అంటే ఆనాడు జరిగింది క్రయమే అయితే మా బోటివాళ్ళకి కోర్టులో పెద్దగా నిలిచేదేమీ లేదు.

నేను భూమి తిరిగి ఇమ్మని అడగడం లేదు. అడిగితే నవ్వుతారు కూడా. మా ముత్తాత గారి మూడెకరాలకి ఇవాళ వారసులం ఇరవై ముగ్గురం. అందులో ఇద్దరు అమెరికాలో, ఒకాయన మస్కట్‌లో, తతిమ్మావాళ్ళలో దుక్కి దున్నేది మా నాన్నగారూ మా బాబాయీ మాత్రమే. పంచితే మనిషికి పదమూడు సెంట్లు. ఎనభై ఏళ్ళలో వూరు పెరిగింది. రన్‌వేకి దగ్గరలోనే నిట్ వెలిసింది. 2015లో దానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ మన రాష్ట్రం పిల్లలూ పైరాష్ట్రాల పిల్లలూ చదువుకుంటున్నారు. దాన్ని చూసి నాకు కడుపుమంట ఎంతమాత్రం లేదు. యుద్ధం కోసం పోయిన నేల పక్కన చదువు మొలిచిందంటే సంతోషమే.

నా పేచీ అల్లా ఒక్క మాట మీద. "అక్కడ రన్‌వే రెడీగా వుంది కదండీ, కొత్తగా భూమి తీసుకోవలసిన పని ఏముంది?" అంటారు చూడండి, ఆ మాట మీద. ఇది అరిగిపోయిన నాణెం. చెల్లుతుందని అందరూ చేతులు మారుస్తున్నారు గాని ఎవరూ గీటు పెట్టి చూడడం లేదు. ఆ కాలపు పెద్ద విమాన క్షేత్రాల్లో ముఖ్య రన్‌వేకి పెట్టుకున్న కొలత 2,000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు. అంటే 1,830 మీటర్లు. ఇవాళ డెబ్భై మంది ఎక్కే ఏటీఆర్ విమానానికి అది చాలు. కాని నూట ఎనభై మంది ఎక్కే ఎయిర్‌బస్సులు మన ఎండల్లో నిండుగా బరువెత్తుకుని లేవాలంటే రెండు వేల రెండు వందల మీటర్లకి పైమాటే. వేడిగాలి పలచన, రెక్కలకి పట్టు తక్కువ. ఫిజిక్సు మిత్రులెవర్నయినా అడగండి. పైగా టెర్మినలు, విమానాలు నిలిపే చోటు, రన్‌వే రెండు చివర్లా అడ్డంకులు లేని నేల, రోడ్లు, వీటన్నిటికీ భూమి కావాలి.

వరంగల్ మామునూరు సంగతి చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. నిజాం కాలం నాటి ఏరోడ్రోం. ఎన్నో ఏళ్ళు మూతబడి వుంది. 2025లో కేంద్రం తిరిగి తెరవడానికి అనుమతించింది. అక్కడ 696 ఎకరాలు వున్నాయి. వుండీ మరో 253 ఎకరాలు కావలసి వచ్చింది. ఆ 253 ఎకరాలు సాగుచేసుకునే రైతులు తమకు సరైన ధర కావాలని రోడ్డెక్కారు. వరంగల్‌కి విమానాశ్రయం వద్దని నేననడం లేదు. అది పెద్ద నగరం, హైదరాబాదు దాటితే ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. మా గూడెం అలా కాదే! ఇటు గన్నవరం, అటు రాజమండ్రి మధురపూడి, రెండూ నడుస్తున్న విమానాశ్రయాలే. మధురపూడికి మా వూరి నుంచి కారులో గంటా గంటన్నర. ఈ రెంటికీ నడుమ మూడోది పెడితే ఏ విమాన కంపెనీ రోజూ వచ్చి దిగుతుంది? ముహూర్తం నాడు ఒకటి దిగుతుంది, ఫోటోలు పడతాయి. ఆ తర్వాత మళ్ళీ గడ్డి మొలిస్తే, మొదటిసారి యుద్ధం పేరున పోయిన పొలానికి తోడు రెండోసారి అభివృద్ధి పేరున మరికొంత పొలం పోయినట్టవుతుంది.

మా నాన్నగారు మాత్రం ఈ మాటకి ఒప్పుకోరు. "విమానం దిగినా దిగకపోయినా సెంటు ధర లేస్తుంది, నీ చదువుకి చేసిన అప్పు తీరుతుంది" అంటారు. ఆయన మాటలో అబద్ధం లేదు. వ్యవసాయం మీద బ్రతుకు ఎక్కిరాని రోజుల్లో రైతు తన పొలం పంటని కాక పొలం ధరని నమ్ముకుంటున్నాడు. కాని ధర లేచేది అమ్ముకునేవాడికి. కౌలుకి చేసేవాడికి లేచేది కౌలు. మా పల్లెలో సగానికి సగం మంది కౌలుదార్లే. వాళ్ళ మాట ఏ జాబితాలోనూ రాదు.

మరైతే ఏం చెయ్యాలంటావయ్యా అని అడుగుతారు. అడగాలి కూడా. వద్దు వద్దనడం తేలిక.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలో కోసిన పనలు నీళ్ళలో తేలాయి, రాశిపోసిన ధాన్యం మొలకెత్తింది. ధాన్యం కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. మిషన్‌తో కోస్తే ఇరవై అయిదు శాతం దాకా వుంటుంది. ఆరబెట్టాలి. ఎక్కడ? కళ్ళాలన్నీ ఏనాడో పొలాల్లో కలిసిపోయాయి, లేదా ఇళ్ళస్థలాలయ్యాయి. అంచేత రైతు రోడ్డుకి ఒక పక్క బరకాలు పరుస్తాడు, రాత్రి మోటారుసైకిలు వాడు రాశి ఎక్కి పడతాడు, పోలీసులు తిడతారు. మరి మా దగ్గర ఏనుగు లాంటి కళ్ళం వుందే! లెక్క వేసి చూశాను. 2,000 గజాలని 50 గజాలతో గుణిస్తే లక్ష చదరపు గజాలు. ఇరవై ఎకరాల పైచిలుకు గచ్చు. అందులో ఎనిమిదో వంతు, అంటే రెండున్నర ఎకరాలు బాగుచేసి, రెండంగుళాల మందాన ధాన్యం పరిస్తే ఒక దఫాకి సుమారు 3,600 బస్తాలు పడతాయి. దాదాపు వంద ఎకరాల పంట. నాలుగు టార్పాలిన్ల షెడ్లు, ఒక కాటా, రెండు డ్రయ్యర్లు. వీటికయ్యే ఖర్చు విమానాశ్రయం శంకుస్థాపన పందిరి ఖర్చుని మించదని నా అంచనా. (ఇది మాత్రం కొంచెం వెటకారం, క్షమించాలి.)

రెండోది నీళ్ళు. మెట్టలో బోర్లు ఏటేటా లోతుకి పోతున్నాయి. ఆ లక్ష గజాల గచ్చు మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే ఎనిమిది కోట్ల లీటర్ల పైన నీరు. పావు వంతు ఆవిరికీ పగుళ్ళకీ వదిలేసినా ఆరు కోట్లు. ఇప్పుడు అదంతా అటూ ఇటూ పల్లానికి జారిపోతోంది. రెండు పక్కలా కందకాలు తీసి, చివర్న ఒక చెరువులాంటిది తవ్వి భూమిలోకి ఇంకిస్తే ముప్ఫై ఎకరాల మొక్కజొన్నకి సరిపడే నీరు. ముప్ఫై ఎకరాలకేనా ఇంత గొడవ అనకండి. ఎండిన బోరు పక్కన కూర్చున్నవాడికి ముప్ఫై ఎకరాలంటే ఇరవై కుటుంబాలు.

మిగతా పొడవు ఇప్పుడెలా వుందో అలాగే వుంచవచ్చు. నడిచేవాళ్ళు నడుస్తారు. మద్రాసు దగ్గర చోళవరం రన్‌వే మీద 1950ల నుంచి ఎన్నో ఏళ్ళు మోటారు పందేలు జరిగాయి. మా వాళ్ళకి పందేలు అక్కర్లేదు గాని పోలీసు, మిలటరీ ఉద్యోగాలకి పరుగు సాధన చేసే పిల్లలకి ఇంతకంటే మంచి బాట జిల్లాలో లేదు. నిట్ వారు తలుచుకుంటే డ్రోన్లు ఎగరవేయడం నేర్పించవచ్చు. పొలాలకి మందు కొట్టే డ్రోన్లు ఇప్పటికే వచ్చాయి, నడపడం వచ్చినవాళ్ళే తక్కువ. ఆ రన్‌వే మీద తిరిగి ఏదైనా ఎగరాలనుంటే అది ముందు ఎగరనివ్వండి.

ఇవన్నీ నా వూహలు. నచ్చకపోతే కొట్టివేయండి, ఇంతకంటే మంచివి చెప్పండి. విమానాశ్రయమే కట్టాలని తేలినా సరే. కాని ఏ పథకమైనా మొదలుపెట్టేముందు జరగవలసిన పని ఒకటుంది. 1940లలో ఆ ఏరోడ్రోం కోసం ఏ వూళ్ళో ఏయే సర్వే నంబర్లు తీసుకున్నారో, అందులో ఏది కౌలు పద్ధతి, ఏది క్రయం పద్ధతి, ఎవరికి ఎంత ఇచ్చారో, యుద్ధం అయ్యాక ఏది ఎవరి చేతికి మారిందో ఒక పట్టిక రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించాలి. అది చూసుకున్నాక, కొత్తగా భూమి కావలసి వస్తే, ఒకసారి ఇచ్చిన కుటుంబాలని రెండోసారి అడిగేముందు ఆగి ఆలోచించాలి. అడగక తప్పకపోతే ఆ సంగతి ధరలోనూ ఉద్యోగాల్లోనూ కనబడాలి.

ఈ పట్టిక కోసం నేనూ, మా పక్కవూళ్ళ నుంచి మన కాలేజీలో చదువుతున్న మరో ఇద్దరు మిత్రులూ కలిసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు తయారుచేశాం. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల గడువు. దరఖాస్తులో మా ముగ్గురి ఇళ్ళలో జ్ఞాపకమున్న పొలాల పేర్లు మాత్రమే వున్నాయి. సర్వే నంబర్లు లేవు. మన కాలేజీలో గాని, పూర్వ విద్యార్థుల్లో గాని, ఆ ప్రాంతం వారుండి, ఇంట్లో పాత పన్ను రసీదో, దస్తావేజో, పెద్దవాళ్ళు చెప్పిన గట్టు గుర్తో వుంటే దయచేసి మాకు తెలియజేయండి. నకలు యూనియన్ గదిలో వుంచాం. వచ్చే సోమవారం పోస్టు చేస్తాం.